తిరిగే బల్ల మీద తూర్పుముఖం ఇల్లు

నేను ఒక తిరిగే బల్లని. ఇంగ్లీషు వచ్చినవాళ్లు టర్న్‌టేబుల్ అంటారు, రానివాళ్లు తిరుగుడు పీట అంటారు, కోపంలో ఉన్నవాళ్లు ఏమీ అనకుండా ఒక్క తోపు తోస్తారు. ఎవరేమన్నా నేను తిరుగుతాను. తిరగడమే తప్ప తిరగబడటం తెలియని జాతి మాది. ఊళ్లు తిరిగినవాణ్ణి లోకం చూసినవాడంటారు, ఊరికే తిరిగేవాణ్ణి తిరుగుబోతు అంటారు. ఉన్నచోటే తిరిగేవాణ్ణి ఏమనాలో ఎవరూ తేల్చలేదు కాబట్టి నా కథ నేనే చెప్పుకోవలసి వచ్చింది.

నా పుట్టుక గొప్పదేం కాదు. విజయవాడ పక్కన ఒక అచ్చుల షెడ్డులో ప్లాస్టిక్ కరిగించి పోశారు. కడుపులో ఉక్కు గోళీలు పెట్టి, కింద ఇనుప పాదం బిగించి, అట్టపెట్టెలో కుక్కి గుంటూరు పంపారు. అక్కడ నన్ను మొదట కొన్నది పూత నగల కొట్టాయన. అద్దాల బీరువాలో నా మీద ఒక మెడ బొమ్మ, ఆ మెడలో ఒక హారం. నేను తిరుగుతుంటే హారం మెరిసేది, హారం మెరిస్తే ఆడవాళ్లు ఆగేవాళ్లు. ఇత్తడి మీద పూసిన పసుపు పూతకి ఆయన ధర చెప్పే తీరు చూస్తే అసలు బంగారం సిగ్గుతో రాగిలా ఎర్రబడాలి. ఛాతీ ముందుకు పెట్టి, కళ్లలో కళ్లు పెట్టి చెప్పేవాడు. అన్నీ పెట్టినా పూత మాత్రం పలుచగానే పెట్టేవాడు. చివరికి జనానికి ఆ సంగతి తెలిసింది. కొట్టు మూతపడింది. సామానుతో పాటు నన్నూ గుమ్మం ముందు కుప్పలో పెట్టి, ఏది తీసుకున్నా మూడొందలన్నారు.

ఆ కుప్పలోంచి నన్ను ఏరుకున్న మనిషి హైమావతి. చిలకలూరిపేట నుంచి గుంటూరు వచ్చి కేకుల తయారీ నేర్చుకుంటూ ఉండేది. నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సులో పేట తీసుకెళ్లింది. దారంతా ఆమె వేలు నన్ను తిప్పుతూనే ఉంది. కండక్టర్ చూసి, "ఏందమ్మా, నువ్వే బస్సు తోలేటట్టున్నావే" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి, మంచి ఇంటికే పోతున్నానని పొంగిపోయాను. పొంగినవన్నీ నిలబడవని ఆ ఇంట్లో ఓవెన్ ముందు కూర్చున్నాక తెలిసింది.

ఆమె భర్త శ్రీహరి నీళ్ల మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆయనది చుట్టే పని, నాది చుట్టూ తిరిగే పని, కనుక మాకు మొదటి రోజు నుంచే సరిపడింది. వాళ్లకు రెండు గదులు లోపల, ఒక గది ముందు. ముందు గది తలుపు సరాసరి రోడ్డు మీదకి తెరుచుకుంటుంది. ఆ గదిలో హైమావతి ఓవెన్ పెట్టింది, పాత ఫ్రిజ్ పెట్టింది, నన్ను పెట్టింది, తన ఆశలన్నీ పెట్టింది. బయట బోర్డు మాత్రం చిన్నది పెట్టింది. పెద్ద బోర్డుకి డబ్బు చాలలేదు.

హైమావతి పనిలో వంక పెట్టడానికి లేదు. గోడకు సున్నం వేసినంత నున్నగా క్రీమ్ పూసేది. గులాబీ రేకు ఒక్కటి సరిగా రాకపోతే తీసేసి మళ్లీ పెట్టేది. ఇబ్బంది ఇంకో చోట ఉంది. ఆమెకు చెయ్యి తిరిగింది గానీ నోరు తిరగలేదు. ఎవరైనా వెల అడిగితే ముఖం వెలవెలపోయేది. ధర చెప్పమంటే అధరాలు కదిలేవి కావు. నకిలీ బంగారానికి నిటారుగా నిలబడి ధర చెప్పిన మనిషిని చూసొచ్చిన నాకు, అసలు వెన్నకి వంగి వంగి ధర చెప్పే ఈ మనిషిని చూస్తే కడుపులో గోళీలు తిరిగేవి.

దానికి తోడు పేటలో కేకంటే కేజీ. టమాటా ఎట్లాగో కేకూ అట్లాగే. ఫోన్ తీసినవాడు పేరు చెప్పడు, ఊరు చెప్పడు, "కేజీ ఎంత?" అంటాడు. కేకుకీ కేకకీ మధ్య ఉన్నది ఒక్క కొమ్ము తేడా. వచ్చినవాళ్లందరికీ ఆ కొమ్ము మొలిచే ఉండేది. జేసీబీ నడిపే ఒకాయన తన కొడుకు పుట్టినరోజుకి ఫోన్లో బొమ్మ చూపించాడు. పసుపు జేసీబీ, దాని తొండంలో మట్టి, మట్టి కింద మూడు అంతస్తులు.

"అరకేజీలో ఇట్టా రావాల. తొండం పైకీ కిందకీ ఆడాల" అన్నాడు.

"అరకేజీలో మూడంతస్తులు రావు అన్నయ్యా."

"చిన్న చిన్నయి పెట్టమ్మా. మావోడు చిన్నోడేగా."

హైమావతి సరేనంది. తొండం ఆడటానికి ఒక పగలంతా పట్టింది. అరకేజీకి మూడొందల యాభై ఇచ్చి, తీపి కొంచెం ఎక్కువైందని చెప్పి వెళ్లాడాయన. గుడ్డు లేకుండా చెయ్యాలి గానీ గుడ్డు వేసినంత మెత్తగా ఉండాలని ఒకరు, మనవాళ్లమే కదా చూసి తీసుకోమని ఇంకొకరు. చూసి తీసుకోమన్నవాళ్లు చూసుకుంటూనే తీసుకుపోయారు. హైమావతి మైదా, వెన్న, చక్కెర ఖర్చు లెక్కేసుకుని దాని మీద ఒక ఇరవై రూపాయలు వేసుకునేది. ఆ ఇరవై కూడా చిల్లర లేదని వదిలేసేది.

ఒకసారి శ్రీహరి అడిగాడు. "మరి నీ కూలి?"

"నా చేతులకి ఖర్చేముందండీ. నాయేగా."

"మోటార్ చుడితే నా చేతులూ నాయే. ఊరికే చుట్టి ఇస్తన్నానా?"

ఆమె నన్ను తిప్పింది. మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు నన్ను తిప్పడం ఆమెకు అలవాటు. ఆ రోజుల్లో నేను చాలా తిరిగాను.

ఎండాకాలం ముదిరేసరికి ఒక సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు ముందు గదిని అద్దెకు అడిగాడు. నెలకు నాలుగు వేలు ఇస్తానన్నాడు. శ్రీహరి చెడ్డవాడు కాడు. ఇద్దరు పిల్లల బడి ఫీజులు ముంచుకొస్తున్న తండ్రి అంతే. అన్నం తింటూ నెమ్మదిగానే చెప్పాడు.

"హైమా, ఈ నెలాఖరు దాకా చూద్దాం. నీ కేకుల మీద నాలుగు వేలు మిగిల్తే గది నీదే. లేకపోతే ఒకటో తారీఖున ఆ అబ్బాయికి తాళం ఇచ్చేస్తా. ఓవెన్ అటక మీద పెడదాం."

అటక అన్న మాట వినగానే ఓవెన్ చల్లబడిపోయింది. నాకూ భయం వేసింది. అటక మీద తిరిగేవి ఎలుకలే, బల్లలు కావు. హైమావతి మజ్జిగ పోసుకుంది గానీ కలపలేదు. అలాగే లేచి ముందు గదిలోకి వచ్చి, గోడకు చేరగిలబడి, ఓవెన్ తలుపుని కాసేపు తెరిచి మూసి, తెరిచి మూసి చూస్తూ కూర్చుంది. గది పోతే ఆమె పోయి ఎవరి కొట్లోనో చీరలు మడతపెట్టాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు మస్తాన్‌రావు. ఊళ్లో ఇళ్లు కట్టే కాంట్రాక్టర్. వేళ్లకు ఉంగరాలు, చంకలో చుట్టిన ప్లాను కాగితం, మాటల్లో ఇసుక, కంకర, సిమెంటు తగు పాళ్లలో ఉండే మనిషి. ఇంతకాలం ఊళ్లోవాళ్లకు కట్టాడు, ఇప్పుడు తనకోసం కట్టుకున్నాడు. గృహప్రవేశానికి తను కడుతున్న ఇళ్ల యజమానులందరినీ పిలిచాడు. భోజనంతో పాటు వాళ్లకు ఒక వింత చూపించాలని ఆయన కోరిక.

"మా ఇల్లు చూశావు గదా అమ్మాయ్. సేమ్ టు సేమ్ అదే కావాల. గేటు, సంపు, మెట్లు, పైన వాటర్ ట్యాంకు, అన్నీ."

"ఎన్ని కేజీలు చెయ్యమంటారు సార్?"

ఆ ప్రశ్న ఆమె అడిగి ఉండకూడదు. ఆమె నోట్లోంచి అది వచ్చేసింది. ఆయన చదరపు అడుగుల్లో బతికే మనిషి. ఈమెకేమో అడగడమే రాదు.

"పది కేజీలు వేసుకో. కేజీ ఎంత?"

"ఏడొందలు సార్."

"అయిపోయింది. మాటంటే మాటే."

మాట అయిపోయింది. మిగతాదంతా అప్పుడే మొదలైంది.

మెత్తటి కేకు పలకలు పేర్చి, మధ్యలో క్రీమ్ పూసి, చక్కెర ముద్దని చపాతీలా వత్తి గోడలుగా అంటించింది హైమావతి. నా మీద ఇల్లు లేస్తుంటే నాకు గర్వంగా ఉండేది. మెడ బొమ్మను మోసినవాణ్ణి మేడను మోస్తున్నాను. ఇల్లు సగం లేచాక మస్తాన్‌రావు చూడటానికి వచ్చాడు. వెంట వాస్తు సిద్ధాంతి గారు.

సిద్ధాంతి గారు ఫోన్లో దిక్సూచి తెరిచి కేకు ముందు పెట్టారు. కళ్లు చిట్లించి చూశారు. "మెట్లు ఈశాన్యంలో పడ్డాయే" అన్నారు.

హైమావతి భయపడి నన్ను అటువైపు తిప్పింది. "ఇప్పుడు సార్?"

"ఇప్పుడు ఆగ్నేయంలో పడ్డాయి."

ఇంకాస్త తిప్పింది.

"అమ్మాయీ, ఇంటికి దిక్కు స్థిరంగా ఉండాలమ్మా. ఇల్లు తిప్పి దిక్కు మారుస్తావా?"

"ఎటు కావాలంటే అటు తిరిగిద్ది సార్" అంది హైమావతి, మంచి సంగతే చెబుతున్నాననుకుని.

ఆయన ఆ మాటకు కుర్చీ అడిగి కూర్చున్నారు. తర్వాత చిటికెడు పసుపు తడిపి నా అంచు మీద ఒక గీత గీసి, ఇది తూర్పు అన్నారు. పుట్టినప్పటి నుంచి దిక్కులేనివాడిగా ఉన్న నాకు ఆ రోజు ఒక దిక్కు దొరికింది. హైమావతికి ఉన్న దిక్కు పోయింది. ఆ గీత ప్రకారం మెట్లు పీకి నైరుతికి మార్చాలి. సంపు ఈశాన్యంలో తవ్వాలి. వంటింటి కిటికీ ఒకటి తూర్పున తెరవాలి.

"కేకుకి వాస్తేంది సార్?" అంది ఆమె మెల్లగా.

"ఇల్లన్నాక ఇల్లే గదమ్మా" అన్నాడు మస్తాన్‌రావు. "వచ్చేవాళ్లంతా నా పార్టీలు. మెట్లు తప్పుగా ఉంటే మస్తాన్‌రావుకి పని రాదనుకుంటారు."

ఇప్పుడు ఇందులో ఉన్న అన్యాయం వినండి. మెట్లు పీకితే ఆ ముక్కలు చెత్తబుట్టలోకి పోయాయి. సంపు తవ్వితే అక్కడి కేకు గొయ్యి అయింది. కిటికీ తెరిస్తే గోడలోంచి ఒక పలక పోయింది. పని పెరిగిన కొద్దీ బరువు తగ్గింది. బరువు తగ్గిన కొద్దీ డబ్బు తగ్గింది. రోజంతా గోడలు తొలిచి, వరండాలు చెక్కి, బాల్కనీ బోలు చేసి, సాయంత్రానికి తూకం వేసుకుంటే ఆమె పొద్దుటికన్నా పేదరాలైంది. మనుషులు కేజీల్లో కొంటారు. మనుషులు చేసే పని కేజీల్లో ఉండదు. నా మీద నిలబడ్డ ఆ తీపి ఇల్లు ఎంత అందంగా తయారవుతోందో, హైమావతి ముందు గది అంత దూరమవుతోంది. సంపులో పోయడానికి నీలం రంగు జెల్లీ కలుపుతూ ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో కన్నీళ్లో నేను చెప్పలేను. రెండూ ఉప్పుగానే ఉంటాయి, నా మీద పడ్డవి కూడా అలాగే ఉన్నాయి.

మర్నాడు మస్తాన్‌రావు మళ్లీ వచ్చాడు. పైన వాటర్ ట్యాంకు ఇంకొంచెం పడమరకి జరపాలట. ఆ మాట చెబుతుండగానే ఆయనకు ఫోన్ వచ్చింది. తను ఇల్లు కడుతున్న ఎవరో పార్టీ. కిటికీ ఒకటి మూసేసి తలుపు పెట్టమంటున్నారు కాబోలు.

"పెట్టొచ్చండీ, ఎందుకు పెట్టకూడదు. ఎక్స్‌ట్రా అయిద్ది. పగలగొట్టినందుకు ఒక కూలి, మళ్లా కట్టినందుకు ఒక కూలి... గోడ తగ్గిద్ది గదా అంటే ఎట్టా? గోడ తగ్గిందని కూలి తగ్గిద్దా? ఇటికలు తగ్గుతయ్, మనిషి తగ్గడు గదండీ. సరే, ఉంటా."

హైమావతి చేతిలో ఉన్న క్రీమ్ సంచి ఆగిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకుంటున్న ఆయన్నే చూస్తోంది. ఆమె వేళ్లు నా అంచు మీద ఉన్నాయి. అడుగు తల్లీ, అని నేను ఎంత మౌనంగా అరిచానో నా గోళీలకే తెలుసు.

"సార్, మెట్లు మార్చినందుకు... సంపు తవ్వినందుకు... నాక్కూడా ఎక్స్‌ట్రా అయిద్ది సార్."

మస్తాన్‌రావు పెద్దగా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. నిజంగానే ఆయనకు తమాషాగా అనిపించింది.

"అది ఇల్లమ్మాయ్. ఇది కేకు. కేజీ ఏడొందలని నువ్వేగా చెప్పింది. ముందే చెప్పాల ఇయ్యన్నీ. చూద్దాంలే."

వాస్తుకి ఇల్లు, వసూలుకి కేకు. తప్పు పూర్తిగా ఆయనదే అనడానికీ లేదు. కేజీ అన్న మాట ముందు ఆమె నోట్లోంచే వచ్చింది. చూద్దాంలే అన్న మాటని మనుషులు ఎన్ని తలుపులు వేసుకోవడానికి వాడతారో నేను చాలా గుమ్మాల్లో కూర్చుని చూశాను. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఈ ఆర్డరు వదిలేస్తానని శ్రీహరితో అంది. "వదిలేస్తే దినుసుల డబ్బులు కూడా పోతయ్ గదే" అన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ కేజీల డబ్బు వస్తే వెన్న, చక్కెర, మైదా ఖర్చు సరిపోతుంది. అంతే. గది నిలవడానికి కావలసిన నాలుగు వేలు ఎక్కడా లేవు. నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది.

గృహప్రవేశం నాడు ఇల్లు నా మీద నుంచి దిగనని మొండికేసింది. పళ్లెంలోకి జరపబోతే గోడ కదిలింది. చేసేది లేక నాతో సహా ట్రాలీ ఆటో ఎక్కించారు. హైమావతి నన్ను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. గుంతలు వచ్చినప్పుడల్లా ఇద్దరి ప్రాణాలూ ఒకేసారి ఎగిరిపడ్డాయి.

మస్తాన్‌రావు హాలు పెద్దది. పైన ఏసీలు ఉన్నాయి, వాటికి కరెంటు ఇంకా రాలేదు. జనరేటర్ లైట్లకే సరిపోయింది. వేడిలో జనం చెమటలు కక్కుతూ నా చుట్టూ చేరారు. పొద్దున్నే పాలు పొంగించారు, వ్రతం అయింది, భోజనాలకు ముందు ఈ వింత. ఫోన్లు పైకి లేచాయి. నన్ను ఒకసారి తిప్పారు. "అచ్చం అట్టాగే ఉందే" అన్నారెవరో. మస్తాన్‌రావు కత్తికి ఎర్ర రిబ్బను కట్టించి చేతిలోకి తీసుకున్నాడు.

"ఒరేయ్ మస్తానూ."

ఆయన తల్లి ఆదెమ్మ. గోడవారగా కుర్చీలో కూర్చుని ఉంది. ముసలావిడ గొంతు పెద్దది కాదు. కానీ హాలంతా విన్నది.

"ఏందిరా ఆ చేతిలోది? పొద్దున పాలు పొంగిచ్చిన ఇంటికి మధ్యాన్నానికి కత్తి పెడతావంట్రా?"

"అమ్మా, అది కేకే."

"ఇల్లు గాదా అది? ఇల్లేనని ఊరంతా పిలిచి చూపిచ్చావ్ గదా. గేటుందా, మెట్లున్నయ్యా? నీ పేరు గూడా రాపిచ్చావ్. పెట్టు చూద్దాం కత్తి."

మస్తాన్‌రావు చెయ్యి దిగిపోయింది. కోడళ్లు వెనక్కి జరిగారు. పెద్దవాళ్లు తలలూపారు. ఎవరో ఒకాయన సర్దిచెప్పబోయి, "పోనీ, ముక్కలు చేసి అందరికీ పంచండి" అన్నాడు. ఇల్లు పంచడం అన్న మాట వినగానే ఇద్దరు తమ్ముళ్ల భార్యలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన నాలుక కరుచుకున్నాడు. దాంతో హాల్లో వేడి మరికాస్త పెరిగింది.

వేడికి నియమాలు లేవు. వెన్న మెల్లగా జారడం మొదలైంది. ముందు ట్యాంకు ఒరిగింది. తర్వాత తూర్పు గోడ ఉబ్బింది. ఉబ్బిన గోడ మీద పైనుంచి కింద దాకా ఒక పగులు వచ్చింది. చూస్తున్నది ఎవరు? మస్తాన్‌రావు చేత ఇళ్లు కట్టించుకుంటున్నవాళ్లు.

"మస్తాన్‌రావు గారూ" అన్నాడు అందులో ఒకాయన, నవ్వూ నవ్వకుండా. "మా ఇంటిక్కూడా ఇదే సిమెంటా?"

కూలి ఇంకా చేతికి రాలేదు, ఇల్లు మాత్రం కూలేటట్టు ఉంది. హైమావతి గోడవారగా నిలబడి చూస్తోంది. ఆమె ముఖంలో రక్తం లేదు. ఆమెకు కనిపిస్తున్నది ఈ ఇల్లు కాదు, తన ముందు గది. మస్తాన్‌రావు జనాన్ని తప్పించుకుని ఆమె పక్కకు వచ్చాడు. ఆయన ముఖమూ దాదాపు అదే రంగులో ఉంది.

"ఏదోటి చెయ్యమ్మాయ్. నా పరువు పోయేటట్టుంది."

ఆమె గొంతు వినబడీ వినబడనట్టుగా ఉంది. "ఎక్స్‌ట్రా అయిద్ది సార్."

"ఎంతైతే అంత."

"ఎంతైతే అంత వద్దు సార్. నాలుగు వేలు. కేజీ లెక్క కాకుండా. మెట్లకి, సంపుకి, కిటికీకి, ఇప్పుడు చెయ్యబోయేదానికి."

"సరే. కానియ్."

"పెద్దమ్మగారు వినేటట్టు అనండి సార్."

ఆయన తల్లి వైపు తిరిగి, "నాలుగు వేలు ఎక్కువిస్తన్నా అమ్మా ఈ పిల్లకి" అన్నాడు. ఆదెమ్మ ఎందుకో ఏమిటో అడగలేదు. ఇస్తే ఇయ్యి అన్నట్టు చెయ్యి ఊపింది.

హైమావతి తన సంచిలోంచి ఒక పనిముట్టు తీసింది. క్రీమ్ నునుపు చెయ్యడానికి, కేకు ఎత్తడానికి వాడే పలుచని రేకు. మూడు మూలల రేకు, వంగిన మెడ, కర్ర పిడి. మేస్త్రీ చేతిలో తాపీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. ఆదెమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని చూపించింది.

"మామ్మగారూ, ఇది కత్తి కాదు. చూడండి, అంచు లేదు. తాపీ. తాపీ తగలకుండా ఏ ఇల్లు కట్టారు చెప్పండి. నేను ఇల్లు కొయ్యను. నీళ్ల కాడ మొదలుపెడతా. ముందు మీరు ఈశాన్యం సంపులో నీళ్లు తాగండి, తర్వాత మీరు చెప్పినట్టే చేస్తా."

ముసలావిడ ఆ రేకు అంచు మీద బొటనవేలు రాసి చూసింది. కొడుకు తాపీ పనితో బతికిన రోజులు ఆవిడకు గుర్తుండే ఉంటాయి. "తాపీయే" అంది. హైమావతి ఈశాన్యంలోని నీలం జెల్లీని ఒక గరిటెడు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆదెమ్మ నోట్లో వేసుకుని, చప్పరించి, "తియ్యగున్నయ్యే నీళ్లు. మన బోరు కన్నా నయం" అంది.

హాలు నవ్వింది. ఉప్పునీళ్ల ఊళ్లో ఇంటి నీళ్లు తీపని పెద్దావిడ అన్నాక ఇంకెవరికి భయం. తాపీ తాపీగా కదిలింది. హైమావతి ముందు పై కప్పు ఎత్తింది. సెంట్రింగ్ విప్పుతున్నానంది. పగిలిన తూర్పు గోడను అందరికన్నా ముందు తీసి, సిమెంటు సంగతి అడిగిన పెద్దమనిషి పళ్లెంలోనే పెట్టింది. ఆయన తిన్నాడు. తింటున్నప్పుడు సిమెంటు మాట ఎత్తలేదు. కాసేపటికి నా మీద ఒక పసుపు గీత, నాలుగు చక్కెర రాళ్లు మిగిలాయి.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. వసూలు దగ్గర ఏ కథా సుఖంగా ఆగదు. భోజనాలయ్యాక మస్తాన్‌రావు కేజీల డబ్బు ఇచ్చాడు. దాని మీద మూడు వేలు పెట్టాడు.

"నాలుగు అన్నారు సార్."

"మూడు ఉంచు. మిగతాది చూద్దాంలే."

హైమావతి ఇచ్చినంతే తీసుకుంది. ఒక్కసారి నోరు తిరిగినంత మాత్రాన రోజూ తిరగదు. ఆమె గది తలుపు వెయ్యి రూపాయల దూరంలో ఆగిపోయింది. నన్ను కడుగుతూ కుళాయి దగ్గర నిలబడింది, నీళ్లు పోతూనే ఉన్నాయి, కట్టడం మరిచిపోయింది. అప్పుడు ఆదెమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"ఈ తిరిగేది బాగుందే అమ్మాయ్. బల్ల మీద పచ్చళ్లు పెట్టుకుంటే కూర్చున్న కాడికే తిరిగొస్తయ్. నాకు ఇస్తావా?"

"అది కేకుతో పాటే గదమ్మా" అన్నాడు మస్తాన్‌రావు వెనకనుంచి.

ఇంతకు ముందటి హైమావతి అయితే, తీసుకోండి మామ్మగారూ అనేది. నాకు తెలుసు. ఆమె చెయ్యి నా అంచు మీద ఆగింది. నన్ను తిప్పలేదు. అంతసేపు ఆమె చెయ్యి నా మీద కదలకుండా ఉండటం అదే మొదటిసారి.

"వెయ్యి రూపాయలు మామ్మగారూ."

"ప్లాస్టిక్ పీటకి వెయ్యా?" అన్నాడు మస్తాన్‌రావు.

"నా పనికి కావాల్సింది సార్ అది. అది లేకపోతే రేపు నాకు పని జరగదు. వెయ్యికి తక్కువ ఇయ్యను."

ఆదెమ్మ కొంగు ముడి విప్పి తనే ఇచ్చింది. నన్ను అమ్మేసిన డబ్బును హైమావతి జాకెట్లో దోపుకుంది. నా వైపు చూడలేదు. చూస్తే ఇవ్వలేననుకుందేమో. ముక్కుతో గట్టిగా గాలి పీల్చుకుని ఖాళీ సంచితో వెళ్లిపోయింది. మూడొందలకు కుప్పలోంచి ఏరిన నన్ను వెయ్యికి అమ్మింది. ఆమె జీవితంలో గట్టిగా చెప్పిన మొదటి ధర నాది. ఏడవాలో ఎగరాలో తెలియక, ఎవరూ తిప్పకపోయినా గోళీలు కొంచెం కదిలాయి.

ఇప్పుడు నేను ఆదెమ్మ భోజనాల బల్ల మీద ఉంటాను. నా మీద మాగాయ, గోంగూర, నిమ్మకాయ, నెయ్యి గిన్నె. నూనె కారి పసుపు గీత చెరిగిపోయింది కాబట్టి మళ్లీ నాకు దిక్కు లేదు. ఆవకాయ ఎటు ఉంటే అదే తూర్పు.

నిన్న హైమావతి వచ్చింది. మస్తాన్‌రావు ఫోన్ చేసి పిలిపించాడు. ఆయన కట్టిన అపార్టుమెంటు పూర్తయిందట, ప్రారంభోత్సవానికి అయిదంతస్తుల కేకు కావాలట. నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. కాస్త చిక్కింది. వేలికి కాలిన మచ్చ కొత్తది.

"ఇంకా ఆ ముందు గదిలోనే చేస్తన్నావా?" అంది ఆదెమ్మ.

"ఆ నెల నిలిచింది మామ్మగారూ. ప్రతి నెలా నిలబెట్టుకోవాల. ఆ ఫోన్ల అబ్బాయి మళ్లా అడుగుతున్నాడు. ఈ నెల ఒక్క పెద్ద ఆర్డరూ రాలా."

మస్తాన్‌రావు అన్నం కలుపుకుంటూ అడిగాడు. "అయిదంతస్తులు. లిఫ్టు కూడా ఉండాల. కేజీ ఎంతకిస్తావ్?"

"కేజీ లెక్క లేదు సార్. ప్లాను ఇయ్యండి. వాస్తు మార్పులన్నీ అయ్యాకే మొదలుపెడతా. మొదలుపెట్టాక మారిస్తే ఆ మార్పుకి ఆ రేటు. సగం ముందు ఇయ్యాల." తర్వాత మొత్తం ఎంతో చెప్పింది.

ఆయన ముద్ద ఆపాడు. "బజార్లో సగానికి చేస్తారమ్మాయ్."

"చేస్తారు సార్."

"రెండు వేలు తగ్గించు. ఇయ్యాళే డబ్బులిస్తా."

ఆ రెండు వేలు తగ్గించినా ఆమెకు ఈ నెల గది నిలుస్తుంది. మస్తాన్‌రావుకి ఆ సంగతి తెలియదు. ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు సరేనంటే, లిఫ్టు దగ్గర మళ్లీ సిద్ధాంతి గారు కుర్చీ అడుగుతారు, మళ్లీ చూద్దాంలే వస్తుంది. కాదంటే ఒకటో తారీఖు వస్తుంది. ఎటు తిరిగినా గోడే. తిరగడంలో నాకున్న అనుభవం ఆమెకు ఒక్క చుట్టు కూడా ఇవ్వలేకపోయాను.

"తగ్గదు సార్" అంది.

"ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చాను సార్."

సంచి తీసుకుని లేచింది. ఆదెమ్మకు చెప్పి, చెప్పులు వేసుకుంది. మస్తాన్‌రావు పిలుస్తాడేమోనని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆయన గోంగూర కోసం నన్ను తిప్పుకున్నాడు, పిలవలేదు. ఆ తిప్పుడికి నా ముఖం బయటికి తిరిగింది. ఎండలో ఆమె ఒక్కో మెట్టే దిగుతోంది. మెట్లన్నీ దిగింది. ధర మాత్రం దిగలేదు.